తిరిగే నీళ్ళ లెక్క

మాది జల పొదుపు శాఖ. జిల్లా కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుని, పేరు గౌరునాయుడు. కిందటి వేసవి మొదట్లో రాజధాని నుంచి మాకో సర్క్యులర్ వచ్చింది. ప్రజల్లో నీటి మీద గౌరవం సన్నగిల్లుతోందనీ, నీళ్ళలో బతికే ప్రాణిని రోజూ చూస్తే ఆ గౌరవం మళ్ళీ కలుగుతుందనీ, అంచేత శాఖకు చెందిన ప్రతి కార్యాలయమూ తన ముందు హాల్లో ఒక అక్వేరియం విధిగా పెట్టుకోవాలనీ అందులో ఉంది. తొట్టి పొడవు హోదాని బట్టి. మండలానికి రెండడుగులు, డివిజన్‌కి నాలుగు, జిల్లాకి ఆరు. రాజధానిలో కమిషనర్ గారి కార్యాలయానికి ఎన్నడుగులో మాత్రం రాయలేదు.

వారం తిరక్కుండా ఆరడుగుల గాజుతొట్టి దిగింది. ఆరువందల లీటర్లు పడుతుంది. దాంతోపాటు పద్నాలుగు బంగారు చేపలు. స్టాకు రిజిస్టరులో "చేపలు పద్నాలుగు, సజీవం" అని రాసి నేను సంతకం పెట్టాను. పెట్టాక గాని నాకు వెలగలేదు. మా శాఖలో సంతకం పెట్టి తీసుకున్న వస్తువుని తనిఖీ నాడు అదే స్థితిలో చూపించాలి. కుర్చీ అయితే కుర్చీగా, చేప అయితే సజీవంగా. ఆనాటి నుంచీ నా ఉద్యోగం వాటి ఊపిరి మీద ఆధారపడింది.

తొట్టి కింద చెక్క బీరువా, బీరువాలో ఇంకో చిన్న ప్లాస్టిక్ తొట్టి. పై తొట్టిలో నీళ్ళు పొంగి కిందికి దిగుతాయి, వడపోతలోంచి సాగుతాయి, పంపు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. అలా తిరుగుతూ ఉంటేనే చేపలకి గాలి. ఆ గొట్టాలు బిగించడానికి దావీదుని పిలిచాను. ఊళ్ళో సగం లాడ్జీలకీ రెండు ఆసుపత్రులకీ పైపుల పని చేసినవాడు. యాభై దాటినవాడు. కొలబద్ద లేకుండా బొటనవేలు పెట్టి సైజు చెబుతాడు.

దావీదు పంపు నోట్లో వేలు పెట్టి చూసి, అంగుళంపావు అన్నాడు. తరవాత నేల మీద సుద్దతో బొమ్మ గీసి నాకు వివరించాడు. పంపు నోరు ఎంతో పైపు దానికి ఒక్క పిసరు తగ్గకూడదు, కాస్త పెద్దదైనా మంచిదే. దారి దగ్గరదై ఉండాలి. నిటారుగా విరిగే ఎల్బో పెడితే నీళ్ళు గోడకి గుద్దుకున్నట్టు గుద్దుకుంటాయి, మెల్లగా వంగే బెండు పెడితే తిరిగినట్టు వాటికే తెలీదు. అంతా కలిపి రెండడుగుల పైపు, రెండు బెండులు, గంట పని.

ఆ బొమ్మని డిప్యూటీ డైరెక్టర్ పరమహంస గారు చూశారు.

పరమహంస గారు చెడ్డ మనిషి కారు. ముప్పైయేళ్ళ సర్వీసులో ఒక్కరి దగ్గర కాఫీ అయినా తాగి ఎరగరు. సొంత కాఫీ కూడా అర కప్పే. స్నానం సగం బకెట్టుతోనే కానిస్తారని చెప్పుకునేవారు, ఏప్రిల్, మే నెలల్లో మేం ఆ మాట నమ్మేవాళ్ళం. ఆయన సుద్దగీతల చుట్టూ ఒకసారి తిరిగి, శాఖాపరమైన నిబంధన పదిహేడుని దావీదుకి నోటితో అప్పజెప్పారు. శాఖ ఆవరణలో ఏ గొట్టమూ అర అంగుళానికి మించరాదు.

ఇవి వాడి పారబోసే నీళ్ళు కావనీ, ఉన్న నీళ్ళే తిరుగుతాయనీ దావీదు వినయంగా చెప్పాడు.

"చేపలు నీటిని వినియోగించుకోవడం లేదని నీ ఉద్దేశమా?" అన్నారు పరమహంస గారు. "ఇరవైనాలుగు గంటలూ అందులోనే ఉంటాయి."

దావీదు నా వైపు చూశాడు. నేను స్టాకు రిజిస్టరు వైపు చూశాను.

"ప్రవాహం విషయంలో శాఖ వైఖరి సుస్పష్టం," అని పరమహంస గారు ముగించారు. "శాఖ ప్రవాహాన్ని ప్రోత్సహించదు."

అలా పంపు అంగుళంపావు నోటికి నోరు సన్నం చేసే రెడ్యూసరు ఒకటి తగిలించి, అక్కణ్ణించి అర అంగుళం గొట్టం వేశారు. అదైనా తిన్నగా పోనివ్వలేదు. ఎడమవైపు నుంచి పైకి తీస్తే నీటి పొదుపు నినాదాల బోర్డుకి అడ్డొస్తుందన్నారు. కుడివైపు తీస్తే డిప్యూటీ డైరెక్టర్ గారి నామఫలకానికి అడ్డు. రెండిటికీ గౌరవం తగ్గకుండా గొట్టం బోర్డు కింది నుంచి, కిటికీ పక్కగా, ఫలకం పైనుంచి చుట్టి వచ్చింది. రెండడుగుల దారి పదకొండు అడుగులైంది, ఏడు ఎల్బోలు పడ్డాయి. దావీదు ఒక్కో ఎల్బో బిగిస్తూ, ఇష్టం లేని పెళ్ళికి తాళం వాయించేవాడిలా తల పక్కకి తిప్పుకున్నాడు.

స్విచ్చి వేస్తే పంపు మూలిగింది. తొట్టిలో పడిన ధార కొమ్ముచెంబు ముక్కులోంచి పోసినంత ఉంది. మధ్యాహ్నానికి పంపు వేడెక్కింది, మూడో రోజుకి నీళ్ళూ వెచ్చబడ్డాయి. పద్నాలుగు చేపలూ పైకి తేలి, నోళ్ళు తెరిచి, మూస్తూ, తెరుస్తూ నిలబడ్డాయి. ఫిర్యాదులకి వచ్చిన జనం వింతగా చూస్తుంటే, అవి శాఖ పట్ల కృతజ్ఞత వ్యక్తం చేస్తున్నాయని పరమహంస గారు వివరించారు.

వాటి సంగతి అర్థమైంది మా అటెండరు నూకాలమ్మకి. ఆమె ఒక స్టూలు వేసుకుని, తొట్టిలోని నీళ్ళే మగ్గుతో ముంచి ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోకే పొయ్యడం మొదలెట్టింది. నురగ లేస్తే చేపలు అటు పరిగెత్తేవి. అటెండరు ఇలా కూర్చుంటే ఎలాగని ఆక్షేపణ వచ్చింది గనక నేనో ఆర్డరు తయారుచేశాను. నూకాలమ్మని పది నుంచి ఐదు వరకూ "ప్రవాహ సహాయకురాలు"గా నియమించాం. పరమహంస గారు సంతకం పెడుతూ, ధార ఎత్తు అడుగుకి మించరాదని ఒక షరతు కలిపారు.

పది నుంచి ఐదు బాగానే ఉంది. చేపలకి మాత్రం ఐదు తరవాత కూడా ఊపిరి కావాలి. శనివారం సాయంత్రం ఇంటికి బయల్దేరబోతూ నూకాలమ్మ నా టేబిలు దగ్గర ఆగింది.

"నాయుడుబాబూ, రేపు ఆదివారం. నాను సోమారం వచ్చేసరికి ఇయ్యి ఉండవు."

ఆ మాట ఆమె ఫిర్యాదుగా అనలేదు. ఊరెళ్ళిపోతున్న బంధువుల గురించి చెప్పినట్టు చెప్పింది. అది ఇంటిదాకా నా వెంట వచ్చింది. స్టాకు రిజిస్టరు భయం సగమే, తక్కిన సగం ఏమిటో నాకూ తెలీదు. ఆదివారం పొద్దున్నే దావీదుకి ఫోన్ చేశాను.

అతను చర్చినుంచి తిన్నగా వచ్చాడు, తెల్ల చొక్కా కూడా మార్చుకోకుండా. పదకొండడుగులూ ఊడబీకాడు. అంగుళమున్నర పైపు తెచ్చాడు, పంపు నోటికన్నా ఒక సైజు పెద్దది. కోసినచోట లోపల లేచిన గరుకుని ఆకురాయితో నున్నగా తీశాడు. ఎవరికీ కనబడని చోట అంత శ్రద్ధ ఎందుకని అడిగాను. నీళ్ళకి కనబడుతుంది కదండీ అన్నాడు. రెండు బెండులతో గంటలో పని ముగించాడు.

స్విచ్చి వేశాం. ఈసారి మూలుగు లేదు. ధార బలంగా దిగి తొట్టి అడుగుదాకా తెల్లటి బుడగలు తోసింది. పావుగంటకి ఒక చేప కిందికి దిగింది. తరవాత రెండు. కాసేపటికి పద్నాలుగూ ఆ ధారకి ఎదురు ఈదుతూ, పక్కకి కొట్టుకుపోతూ, మళ్ళీ ఎదురెళుతూ ఆటలో పడ్డాయి. మేమిద్దరం పెద్దవాళ్ళం, ఖాళీ ఆఫీసులో బెంచీ మీద కూచుని మధ్యాహ్నందాకా చూశాం.

సోమవారం పరమహంస గారు స్కేలు తెప్పించి గొట్టాన్ని కొలిచారు. ఏదో అనబోయారు గానీ అప్పుడే వీడియో సమావేశం మొదలైంది. కమిషనర్ మేడమ్ రాజధాని నుంచి అన్ని జిల్లాల అక్వేరియంలూ ఒక్కొక్కటే చూపించమన్నారు. పన్నెండు జిల్లాల్లో చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఒక జిల్లా వారు అవి విశ్రాంతిలో ఉన్నాయని మనవి చేసుకున్నారు. మా తొట్టి వంతు వచ్చేసరికి చేపలు ఈదుతున్నాయి. మేడమ్ చాలాసేపు చూసి, ఈ జిల్లా నాయకత్వం అభినందనీయం అన్నారు. నాయకత్వం చేతిలోని స్కేలు మెల్లగా జేబులోకి పోయింది.

గొట్టం తియ్యడానికి లేదు, నిబంధన మీరడానికీ లేదు. పరమహంస గారు రెండు రోజులు ఫైళ్ళు తిరగేసి నిబంధన పదిహేడుకి ఒక ఉపనిబంధన కనిపెట్టారు. అనివార్య కారణాల వల్ల గొట్టం అర అంగుళం దాటిన పక్షంలో దానికి నీటి మీటరు బిగించి, నెలకోసారి రీడింగు రాజధానికి పంపాలి. మీటరు పెట్టుకోండి, దాని నోరు కూడా అంగుళమున్నరే ఉండాలి అన్నాడు దావీదు. పెట్టాం.

మీటరు గంటకి మూడు వేల లీటర్లు చూపించింది. పంపు డబ్బా మీద మూడున్నర వేలు రాసి ఉంది. అంత ఎత్తెక్కి కూడా మూడు వేలు దక్కాయంటే దారిలో ఎక్కడా అడ్డు తగల్లేదన్నమాట అని దావీదు మురిసిపోయాడు. గంటకి మూడు వేలంటే రోజుకి డెబ్బైరెండు వేలు. నెల తిరిగాక నేను పంపిన పట్టికలో అంకె ఇరవైఒక్క లక్షల అరవై వేల లీటర్లు.

నాలుగో రోజున నోటీసు వచ్చింది. "ముప్పై మంది సిబ్బంది గల కార్యాలయము నెలకు 21,60,000 లీటర్ల నీటిని ఏ విధముగా వినియోగించినదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. సదరు సిబ్బంది స్నానములు కార్యాలయమునందే చేయుచున్నారా అనునది కూడ స్పష్టపరచవలెను."

అవి ఆరువందల లీటర్లేననీ, అవే తిరిగి తిరిగి మీటరులోంచి వస్తున్నాయనీ జవాబు రాసుకుని పరమహంస గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "మళ్ళీ వచ్చిన నీరు మొదట వెళ్ళిన నీరేననడానికి మన వద్ద ఆధారం ఏముంది?" అని అడిగారు. నా దగ్గర లేదు. చివరికి జవాబు ఇలా వెళ్ళింది: "నీటికి గుర్తింపు సంఖ్యలు లేనందున, సదరు నీరు ఒకటేనా, వేర్వేరా అనునది నిర్ధారించుట ఈ కార్యాలయమునకు సాధ్యపడలేదని మనవి."

రాజధాని వారు నిర్ధారణకి ఆగలేదు. దుబారా నివారణ చర్యగా మా కార్యాలయానికి నీటి సరఫరా పూర్తిగా ఆపేశారు. కుళాయిలు ఎండిపోయాయి. సిబ్బంది ఇంటినుంచి సీసాలు తెచ్చుకున్నారు, మిగిలిన అవసరాలకి బస్టాండుకి వెళ్ళొచ్చేవారు. తొట్టిలో ఎండకి ఇగిరిపోయిన నీళ్ళ బదులు నూకాలమ్మ రెండు రోజులకో బిందె ఇంటినుంచి మోసుకొచ్చేది. ఆమెది పాత గిడ్డంగి కాలనీ. అక్కడ కుళాయిలో నీళ్ళు దారప్పోగంత సన్నంగా వస్తాయి, బిందె నిండాలంటే అరగంట కూచోవాలి.

మీటరు మాత్రం యథాప్రకారం రోజుకి డెబ్బైరెండు వేలు తిరిగింది. నేను యథాప్రకారం పట్టిక పంపాను.

ఈసారి వచ్చింది నోటీసు కాదు, బంగారు రంగు అంచున్న లేఖ. మా కార్యాలయానికి సరఫరా సున్నా, గొట్టంలో వస్తున్నది రోజుకి డెబ్బైరెండు వేలు. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి రాజధానిలో ఎవరో తీసివేత చేశారు. "ఎట్టి జలాధారమూ లేకుండా దినమునకు 72,000 లీటర్ల నీటిని ఉత్పత్తి చేయుచున్న మీ కార్యాలయమును శాఖ మనసారా అభినందించుచున్నది. సదరు నీటిని తీవ్ర కొరత గల పాత గిడ్డంగి కాలనీకి కేటాయించడమైనది. బుధవారం ఉదయం పది గంటలకు కమిషనర్ స్వయముగా పథకమును ప్రారంభించెదరు."

ఆ ఉత్తరం పట్టుకుని పరమహంస గారి గదికి వెళ్ళాను. ఇది పొరపాటని ఫోన్ చేద్దామన్నాను. అభినందన తప్పని చెప్పడానికి ఏ నమూనా పత్రమూ లేదన్నారు.

బుధవారం తొమ్మిదింటికే షామియానా లేచింది. ఐదువేల లీటర్ల ట్యాంకరు గుమ్మానికి ఆనుకుని ఆగింది. కాలనీ నుంచి నాలుగు వందల మంది ప్లాస్టిక్ బిందెలతో వచ్చారు, రంగురంగుల బిందెలు రోడ్డు మలుపుదాకా వరస కట్టాయి. పది గంటలకి కమిషనర్ మేడమ్ దిగారు. రిబ్బను కత్తిరించారు. ట్యాంకరు డ్రైవరు లావుపాటి రబ్బరు గొట్టం భుజానేసుకుని హాల్లోకొచ్చి, నీళ్ళెక్కడ అని అడిగాడు. నేను అక్వేరియం చూపించాను. అతను దాన్నీ బయట ట్యాంకరునీ మార్చి మార్చి చూసి, సరే మనకెందుకన్నట్టు గొట్టం కొస తొట్టిలోకి ఎత్తబోయాడు.

నూకాలమ్మ వచ్చి తొట్టికి వీపు ఆనించి నిలబడింది.

డ్రైవరు తప్పుకోమన్నాడు. పరమహంస గారు తప్పుకోమన్నారు, కమిషనర్ మేడమ్ ఎవరీమె అన్నారు. ఈలోగా కాలనీ ఆడవాళ్ళు గుమ్మంలోకి తోసుకొచ్చారు. ఆమె ఇరుగుపొరుగువాళ్ళే. నీ ఆఫీసు చేపలకి నీళ్ళు, మా పిల్లలకి లేవా అని ఒకామె నిలదీసింది. నూకాలమ్మ మొహం ఎర్రబడింది. ఆమె ఇంట్లోనూ ఖాళీ బిందెలే ఉన్నాయని నాకు తెలుసు.

"ఇందులో ఉన్నయి నలభై బిందెలు," అంది ఆమె నెమ్మదిగా. "మనకి ఒక్క పూటకి రావు. ఈటికి బతికినన్నాళ్ళూ సరిపోతాయి. నలభై బిందెలకోసం ఈటిని సంపి, రేపు మళ్ళీ ఏటి తెస్తారో ఈ బాబుల్నే అడగండి."

ఉత్పత్తి విధానం ఎవరైనా వివరించండని కమిషనర్ మేడమ్ అన్నారు. పరమహంస గారు నా వైపు చూశారు, నేను దావీదు వైపు చూశాను. పంపుకి ఏమైనా అవసరం వస్తుందేమోనని నేనే రమ్మన్నాను అతన్ని. దావీదు చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"ఇందులో నీళ్ళు పుట్టవండీ, తిరుగుతాయి. మీ ఆఫీసులో ఒక్క ఫైలు పది టేబుళ్ళు తిరుగుతుంది చూడండి. అలాగని దాన్ని పది ఫైళ్ళని లెక్కేస్తారా?"

మేడమ్ వెంటనే తలూపారు.

"అవును," అన్నారు. "పదే లెక్కేస్తాం."

అనేశాక ఆవిడకే ఏదో తట్టినట్టుంది. మీటరు దగ్గరికెళ్ళి గిర్రున తిరిగే ముల్లు చూశారు. తొట్టి చూశారు, రోడ్డు మలుపుదాకా ఉన్న బిందెలు చూశారు. ఆ బంగారు అంచు ఉత్తరం కింద ఉన్న సంతకం ఆవిడదే. పరమహంస గారి గదిలోకెళ్ళి తలుపేసుకుని, అరగంట తరవాత బయటికొచ్చారు. లేఖలో "ఉత్పత్తి" అన్న చోటల్లా "ప్రవాహము" అని చదువుకోవలసిందిగా ప్రకటించారు. ఆ ప్రకారం మా జిల్లా ప్రవాహంలో రాష్ట్రానికే మొదటి స్థానంలో ఉందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ట్యాంకరు ఖాళీగా వెళ్ళిపోయింది. కాలనీవాళ్ళు ఖాళీ బిందెలు చంకనెత్తుకుని వెళ్ళిపోయారు, నూకాలమ్మతో ఎవరూ మాట్లాడలేదు.

మా కుళాయిలు ఆ సాయంత్రమే వదిలారు. పది రోజులకి రాజధాని నుంచి కొత్త సర్క్యులర్ వచ్చింది. మిగతా జిల్లాల్లో చేపలు ఎందుకు పోయాయో కమిటీ వేసి తేల్చారట. నిబంధన పదిహేడుని రద్దు చేసి, దావీదు మాటల్నే శాఖ భాషలో పెట్టారు. "శాఖ అధీనమందలి ఏ గొట్టమూ దానికి నీరందించు నోటికన్నా ఇరుకుగా నుండరాదు. మార్గమధ్యమున నీటి వేగమును తగ్గించు అడ్డంకులు ఏవియు నుండరాదు. ఉన్నచో వారము దినములలో తొలగించవలెను."

దాన్ని నోటీసు బోర్డుకి అంటిస్తుంటే దావీదు వచ్చాడు. తన మాటలు అచ్చులో చూసుకుందామని. ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. చేపల తొట్టి అన్న ముక్క ఇందులో ఎక్కడుందండీ అని అడిగాడు. వెతికాను, లేదు. హడావిడిలో రాయడం మరిచిపోయారు. ఉన్నది "ఏ గొట్టమూ" అనే.

"అయితే కాలనీకెళ్ళే నాలుగంగుళాల లైను మొదట్లో ఒక ఇత్తడి బిళ్ళుంది నాయుడు గారూ. అర అంగుళం బెజ్జం. రెండేళ్ళ క్రితం నేనే బిగించాను, మీ ఆఫీసు చెబితేనే."

ఫైలు పెట్టి పరమహంస గారి ముందుంచాను. ఆ బిళ్ళ ఆయన ఆలోచన. దానికి శాఖ ఆయనకి శాలువా కప్పింది. ఆయన సర్క్యులర్‌ని మూడుసార్లు చదివారు, "ఏ గొట్టమూ" కింద పెన్సిలుతో గీత గీశారు. కొట్టేస్తారనుకున్నాను. కానీ నిబంధనని మీరడం ఆయన వల్ల అయ్యే పని కాదు. తొలగించవలెను అని ఉంది గనక తొలగించవలెను అని రాసి సంతకం పెట్టారు. పెన్ను మూత పెడుతూ, అక్కడ నాలుగు వందల ఇళ్ళున్నాయా అని మాత్రం అడిగారు. ఉన్నాయన్నాను. రెండేళ్ళుగానా అన్నారు. అవునన్నాను. ఆ రోజు ఆయన కాఫీ తాగలేదు.

మర్నాడు పొద్దున్నే దావీదు బిళ్ళ ఊడదీశాడు. నేనూ పరమహంస గారూ కాలనీ వీధిలో నిలబడ్డాం. మొదట కుళాయిలోంచి గాలి వచ్చింది, తరవాత ఎర్రటి తుప్పు నీళ్ళు, తరవాత చేతికి దెబ్బ తగిలేంత ధార. వీధంతా ఒక్కసారి కేకలు లేచాయి. ఆనాడు నిలదీసినామె నూకాలమ్మని భుజం పట్టి లాక్కొచ్చి, తన బిందె తీసేసి మరీ ఆమె బిందె ముందు పెట్టింది.

పరమహంస గారు కొంచెం దూరంగా నిలబడి, వృథాగా పోయే నీళ్ళని ఊహించుకుంటూ పిడికిళ్ళు బిగించారు. బిందె నిమిషం లోపే నిండింది. నూకాలమ్మ చెయ్యి చాచి కుళాయి కట్టేసి, బిందె చంకకెత్తుకుని వెనకామెకి చోటిచ్చింది. వెనకామె కూడా నిండగానే కట్టేసింది. ఆ వెనకామె కూడా.

కాసేపటికి పరమహంస గారు నా దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా, వీళ్ళకి ఈ మేరకు సర్క్యులర్ ఎప్పుడు పంపామని అడిగారు.

పంపలేదని చెప్పాను.